ఆ కాయితం మీద ఒక సంతకం పడుంటే

మా అక్క కూతురు తిరుపతిలోనే డిగ్రీ చదువుతోంది. పోయిన ఏడాది యూరప్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు ఒక సెమిస్టర్ తమ దగ్గర చదువుకోమని పిలిచారు. ఫీజు లేదు, ఉండడానికి తినడానికి స్కాలర్‌షిప్. విమానం టికెట్టు మేం పెట్టుకుంటామన్నాం. ఇంట్లో పండగే. అయినా పాప పోలేదు.

వాళ్ల సిలబస్ ప్రింటు తీయించి, మన సిలబస్‌లో ఏ యూనిట్‌కి ఏది సరిపోతుందో పసుపు హైలైటర్‌తో గీసుకుని, పాపను వెంటబెట్టుకుని నేనే కాలేజీకి పోయినా. పరీక్షల సెక్షన్లో ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి అన్ని కాయితాలూ తిరగేశాడు. "బయట రాసిన మార్కులు ఎక్కించేదానికి మా దాంట్లో కాలమే లేదు సార్. ఈ సెమిస్టర్ ఆబ్సెంట్ పడతాది. తిరిగొచ్చినాక జూనియర్లతో కూర్చోవాల" అన్నాడు. నాలుగుసార్లు తిరిగినాం. సంతకం పెట్టాల్సింది కాలేజీనా యూనివర్సిటీనా అన్నది కూడా తేలలేదు. ఆఖరికి పాపే "వద్దులే మామా, సంవత్సరం పోతాదంట" అని, రాలేనని వాళ్లకు మెయిల్ పెట్టేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మన ఊళ్లో విదేశీ చదువంటే ఒకటే: బీటెక్ కాగానే అమెరికాలో ఎమ్మెస్. 2023-24లో అక్కడ మన దేశం పిల్లలు 3.31 లక్షల మంది, చైనాను కూడా దాటేశారు. పుత్తూరు, పాకాల పక్క పొలం కాయితాలు బ్యాంకులో పెట్టి పంపినవాళ్లు నాకు తెలుసు. 2025 మేలో అమెరికా స్టూడెంట్ వీసాకి కొత్త స్లాట్లు ఇవ్వడం దాదాపు మూడు వారాలు ఆపేస్తే ఆ ఇళ్లల్లో ముద్ద దిగలేదు. మా పాపకొచ్చినట్టు ఒక సెమిస్టర్ బయట చదివొచ్చే ఎక్స్ఛేంజికి పొలం తాకట్టు అక్కర్లేదు. ఒక సెమిస్టర్ పోతారు, చదువుతారు, వెనక్కొచ్చి ఇక్కడి డిగ్రీనే పూర్తి చేస్తారు. మధ్యతరగతికి అందే చదువు ఇదే, దీన్నే మన విధానాలు వెనక బెంచీలో కూర్చోబెట్టాయి.

యూరప్‌లో ఎరాస్మస్ అనే విద్యార్థుల ఎక్స్ఛేంజి పథకం 1987లో 11 దేశాలతో, 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. అది అంత పెద్దదవడానికి డబ్బు ఒక్కటే కారణమని నేననుకోను. పిల్లాడు బయల్దేరకముందే లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాయితం రాసుకుంటారు. అక్కడ ఏ సబ్జెక్టు చదివితే ఇక్కడ దేనికింద లెక్కేస్తారో అందులో ఉంటుంది. పంపేవాళ్లు, చేర్చుకునేవాళ్లు, విద్యార్థి, ముగ్గురూ సంతకాలు పెడతారు. తిరిగొచ్చాక బతిమాలుకునే పనే ఉండదు. బ్రెగ్జిట్‌తో దీన్నుంచి బయటికి పోయిన బ్రిటనే 2027లో మళ్లీ చేరడానికి ఒప్పుకుంది.

మన దగ్గర రూల్స్ లేవా? ఉన్నాయి. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టారు, అంటే పిల్లలు చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు దాచుకునే ఖాతా. 2022లో విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఇచ్చే ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలకు యూజీసీ దారి తెరిచింది. కానీ ఆ గుమ్మం దాటాలంటే మన విద్యాసంస్థకు న్యాక్ గ్రేడింగ్‌లో కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలి, అదీ కాకుంటే కేంద్రం ఇచ్చే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా ఉండాలి. డిగ్రీల పేరుతో మోసాలు జరక్కుండా ఈ జాగ్రత్త కావాల్సిందే, కాదనను. ఒక్క సెమిస్టర్ చదువుకొచ్చే పిల్లకు కూడా దారి చూపాలి కదా! ఏర్పేడు ఐఐటీ, ఐజర్ పిల్లలకు ప్రొఫెసర్ల పరిచయాలతో ఏదో ఒక దారి దొరుకుతుంది. శ్రీకాళహస్తిలో, పలమనేరులో బీఎస్సీ చదివే పిల్లకు ఎవరున్నారు?

ఇంకో మాట. మనం పంపడమే కాదు, వాళ్లూ రావాలి. ఇది మన జిల్లాకు కొత్తేం కాదు. 1919లో మదనపల్లె అప్పటి చిత్తూరు జిల్లా ఊరు. అక్కడి థియొసాఫికల్ కాలేజీలో ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్ ఉన్నాడు. ఆయన పిలిస్తే రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి అక్కడే చేశారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసింది. ఈ రోజు ఇక్కడ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, 1954 నుంచి ఎస్వీయూ ఉంది, గాదంకిలో వాతావరణాన్ని చూసే రాడార్ ఉంది. ఒక సెమిస్టర్ నేర్చుకోవడానికి ఇక్కడేం తక్కువ?

యూనివర్సిటీల్లో చదువుల సంగతి తేల్చే అకడమిక్ కౌన్సిల్స్‌లో, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్న పెద్దలు ఈ పోస్టు చూస్తుంటే చేతులెత్తి అడుగుతున్నా: వచ్చే సమావేశం అజెండాలో ఆ లెర్నింగ్ అగ్రిమెంట్ లాంటి ఒక్క పేజీ ఫారం పెట్టండి. మా పాప కోసం గీసిన సిలబస్ కాయితాలు, కాలేజీకి పెట్టుకున్న అర్జీలు అన్నీ నా బీరువాలో ఉన్నాయి. ఎవరికి కావాలన్నా జిరాక్స్ తీసి నేనే తెచ్చిస్తా.