ఫోన్లొచ్చి మాటలు పోయాయా?

ఫోన్లొచ్చాక పక్కింటివాళ్లతో మాటలే పోయాయని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నేను సగమే ఒప్పుకుంటాను. పన్నెండేళ్లుగా హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. ఉండేది ఉప్పల్. 2019 నవంబరులో రాయదుర్గం స్టేషన్ తెరిచాక మెట్రోకు మారిపోయాను. బస్సులో అయితే కండక్టర్‌తో కనీసం చిల్లర గొడవైనా ఉండేది. ఇప్పుడు అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే. నావీ ఉంటాయి, అబద్ధమెందుకు.

ఫోన్‌తో డబ్బులు కట్టే యూపీఐ సంగతి మాత్రం వేరు. 2016లో అది కొత్తగా వచ్చినప్పుడు ఆఫీసు దగ్గర చాయ్ బండి అన్న "అవన్నీ మీ సాఫ్ట్‌వేరోళ్లకే తమ్మీ" అని కొట్టిపారేశాడు. ఇప్పుడు ఎంత పడిందో చెప్పే స్పీకర్ డబ్బా ఆయన బండి మీదే మోగుతోంది. యాప్ ఏదైనా డబ్బు వెళ్లేది నా బ్యాంకు ఖాతా నుంచి ఆయన ఖాతాకే. మొన్న మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది, నాకు కట్ అయింది, ఆయనకు చేరలేదు. "రేపియ్యి తీ" అన్నాడు. రెండ్రోజులకు డబ్బు వెనక్కి వచ్చింది. ఈలోగా మూడు చాయ్‌లు అప్పు!

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లకు లెక్కలేదు, లిఫ్ట్‌లో కలిస్తే మాత్రం అందరివీ నేలచూపులే. మొన్న వేసవిలో బోరు మోటారు కాలిపోయి, ట్యాంకర్ దగ్గర బకెట్లతో నిలబడ్డప్పుడు తెలిసింది, ఎదురింటి ఆంటీది మా అమ్మమ్మగారి పక్క ఊరేనట. నాలుగేళ్లుగా ఎదురెదురు తలుపులు మావి. ఆ మర్నాడే ఆవకాయ సీసా వచ్చింది.