భీమిలి దగ్గరైపోయింది, అదే చిక్కు

ఆదివారం సాయంత్రం ఐదు దాటాక భీమిలి బీచ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. విశాఖ నుంచి కార్లు వస్తూనే ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టే తిరిగి వెళ్తూనే ఉంటాయి. అలల దగ్గర నాలుగు ఫొటోలు, తలో మొక్కజొన్న పొత్తు, అంతే. మొన్న మేమూ అలాగే వెళ్లాం. చేపలు కొనందే కదలనని మా ఆవిడ పట్టుబట్టడంతో ఇంకో గంట ఉన్నాం.

ఊళ్లో చూడ్డానికేం లేక కాదు. చిక్కంతా విశాఖకు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉండటం. బీచ్ రోడ్డు బాగుపడేకొద్దీ భీమిలి దగ్గరవుతోంది, దగ్గరయ్యేకొద్దీ అక్కడ ఆగే పని లేకుండా పోతోంది. రాత్రికి ఇంటికెళ్లి పడుకోగలిగినప్పుడు గది ఎవరు తీసుకుంటారు? టిఫిన్ కూడా దారిలో రుషికొండ దగ్గరే అయిపోతుంది. ఊరికి మిగిలేది ట్రాఫిక్, చెత్త. జనం వస్తే ఊరు బాగుపడుతుందనే మాట ఇక్కడ సగమే నిజం.

పక్కనున్న నగరం వల్ల భీమిలి నష్టపోవడం ఇది మొదటిసారి కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి దిగిన రేవు ఇది. 1861 నాటికే మునిసిపాలిటీ ఉంది. ఇక్కడి నుంచి ఓడెక్కిన గోగునారకు బయటి దేశాల్లో బిమ్లీ జ్యూట్ అనే పేరు పడిపోయింది (మనం పచ్చడి నూరుకునే గోంగూరకు చుట్టమే అది). అయితే ఓడలు లోతు నీళ్లలో లంగరేసుకుంటే, సరుకును పడవల మీద చేరవేయాల్సి వచ్చేది. రైలు మార్గం ఊరికి దూరంగా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ పోర్టు తెరిచారు. ఓడ గట్టుకే వచ్చి ఆగే చోటు పక్కనే ఉండగా ఇక్కడ పడవలతో తంటాలు ఎవరు పడతారు? అప్పుడు సరుకు పోయింది, ఇప్పుడు జనం ఆగడం లేదు.

కాబట్టి దారి పొడుగునా ఇంకో పది రిసార్టులు కడితే భీమిలికి ఒరిగేదేమీ ఉండదు. ఊరి లోపల, పాత వీధుల్లో నాలుగిళ్లలోనైనా రాత్రి ఉండేందుకు గదులు దొరకాలి. డచ్ సమాధులు బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి, మొనదేలిన గోపురాల్లా నిలబడి. మేం వెళ్లేసరికి అక్కడ మేం తప్ప ఎవరూ లేరు.

అసలు రాత్రి ఉండమనడానికి పెద్ద కారణం చేపలే. ఇసుక మీద బుట్ట పెట్టుకు కూర్చున్న ఒకావిడ దగ్గర ఎండు నెత్తళ్లు తప్ప ఏమీ లేవు. పచ్చి చేపలు లేవా అని మా ఆవిడ అడిగితే నవ్వింది. "పొద్దున్నే రావాలమ్మా, పడవలొచ్చీ ఏళకి. ఇప్పుడేటుంటాది?"

ఊరు కళకళలాడేది తెల్లవారుజామున, మనం వెళ్లేది సాయంత్రం. వేసవి సెలవుల్లో ఇంకా అన్యాయం. జనం బాగా వచ్చే ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మరపడవల వేటకు నిషేధం.

"వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాం" అంది మా ఆవిడ. అంటే ఇంట్లో నాలుగింటికే లేవాలి. నెత్తళ్లమ్మే ఆవిడ ఇలాంటి మాటలు చాలా విన్నట్టుంది, తల కూడా ఎత్తకుండా పావుకిలో నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చింది.