సియాంగ్‌ను కాపు కాసేదెవరు?

టిబెట్‌లోని సాంగ్‌పో, అస్సాంలోని బ్రహ్మపుత్ర ఒకే నదా? 1880లో ఈ సంగతి తేల్చడానికి బ్రిటిష్ సర్వే శాఖ సిక్కింకు చెందిన కింతుప్‌ను ఒక లామా వెంట రహస్యంగా టిబెట్ పంపింది. ఆ లామా అతన్ని బానిసగా అమ్మేసి తన దారిన తాను పోయాడు. కింతుప్ తప్పించుకున్నాడు, ఒప్పుకున్న పని మాత్రం వదల్లేదు. గుర్తులు పెట్టిన 500 దుంగలను రోజుకు 50 చొప్పున నదిలోకి తోశాడు. దుంగలు తేలివస్తే రెండూ ఒకే నదని తేలుతుంది, కింద అస్సాంలో కాపు కాయండంటూ రాయించి పంపిన ఉత్తరం చేరాల్సినవాళ్లకు చేరనే లేదు. దుంగలు వచ్చాయో లేదో చూసిన మనిషి లేడు.

ఆ నదే అరుణాచల్‌లోకి దిగి సియాంగ్ అవుతుంది. ఒడ్డున బతికే ఆదీ తెగవాళ్లు దాన్ని 'ఆనె సియాంగ్' అంటారు. ఆనె అంటే అమ్మ. టూటింగ్ నుంచి పాసీఘాట్ దాకా సుమారు 180 కిలోమీటర్ల ప్రవాహం రాఫ్టింగ్, కయాకింగ్ (చిన్న పడవలో తెడ్డేసుకుంటూ ఉధృత ప్రవాహంలో సాగే సాహసక్రీడ) చేసేవాళ్లకు ఎన్నాళ్లనుంచో కల. నీళ్లు తగ్గి తేటపడే నవంబరు నుంచి మార్చి వరకే సీజన్. నీళ్లు తగ్గడమంటే మన వాగుల్లాగా కాదు. అప్పుడు కూడా ఇంటి ఎత్తు అలలు లేస్తాయి, పడవను పట్టి తిప్పే సుడులుంటాయి. ఎగువన టిబెట్ లోయలో 1998లో అమెరికా కయాకర్ డగ్ గోర్డన్ కొట్టుకుపోయాడు. 2002లో స్కాట్ లిండ్‌గ్రెన్ బృందం ఆ లోయ పైభాగాన్ని దాటినా, కింది భాగం జోలికి పోకుండా పడవలు మోసుకుని కొండెక్కి బయటపడింది.

ఇక అనుమతుల సంగతి. మనం హైదరాబాద్ నుంచి వెళ్లినా అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాల్సిందే. దాని మూలం 1873 నాటి బ్రిటిష్ రెగ్యులేషన్‌లో ఉంది. విదేశీయులకైతే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. సరిహద్దు పక్కనే ఉంది కాబట్టి ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. పర్మిట్ ఎత్తేయమనీ మేం అనడం లేదు. బయటివాళ్లు వచ్చి భూములు, వ్యాపారాలు చేతుల్లోకి తీసుకోకుండా అక్కడి తెగలకు అది ఒక కంచె. గేట్లు బార్లా తెరిస్తే ఏమవుతుందో రిషికేశ్‌లో చూశాం. నియమాలు రాసేదాకా గంగపై రాఫ్టింగ్ ఆపమని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మా అభ్యంతరం వేరే ఉంది. తెడ్డు పట్టుకుని వచ్చిన పదిమందిని ఇన్ని కాగితాలు అడిగే ప్రభుత్వం, నది రూపమే మార్చేసే పనికి ఊరివాళ్ల సమ్మతి కోసం ఆగడం లేదు. కేంద్ర ప్రభుత్వ జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ తలపెట్టిన సియాంగ్ అప్పర్ ప్రాజెక్టు సామర్థ్యం 11,000 మెగావాట్ల పైమాటే. అది కడితే ఈ ర్యాపిడ్లలో, అంటే అలలతో సుడులతో ఉరికే ప్రవాహాల్లో, చాలా భాగం కదలని జలాశయం కిందికి పోతుంది. పొలాలు, ఊళ్లు పోతాయని గ్రామస్థులు ఏళ్లుగా వ్యతిరేకిస్తున్నారు. 2025 మే నెలలో ముందస్తు సర్వే కోసం కేంద్ర బలగాలను దించితే జనం రోడ్డెక్కారు. పోలవరం ముంపు కింద కోయలు, కొండరెడ్లు ఊళ్లు వదలడం చూసిన తెలుగువాళ్లకు వాళ్ల టెన్షన్ ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

చైనా ఎగువన మెడోగ్ దగ్గర 2025 జూలైలో భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు మొదలుపెట్టింది, ఉన్నట్టుండి నీళ్లు వదిలితే మనకు అడ్డుగోడ కావాలి అన్నది కేంద్రం వాదన. భయం వట్టిది కాదు. 2000 జూన్‌లో టిబెట్‌లో కొండచరియలు కట్టిన సహజ ఆనకట్ట తెగి సియాంగ్ మీద పడింది. వంతెనలు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు, ముందస్తు కబురు లేదు. 2017 చివర్లో, సరిగ్గా నీళ్లు అద్దంలా ఉండాల్సిన రోజుల్లో, నది బురదతో నల్లబడింది. బ్రహ్మపుత్ర నీటి లెక్కలపై చైనాతో ఉన్న ఒప్పందం గడువు 2023లో తీరిపోయింది. అంటే కింతుప్ దుంగల నాటికీ ఇప్పటికీ ఒక విషయం మారలేదు. పైనుంచి ఏం వస్తోందో కింద కాపు కాసేవాళ్లు చాలరు.

ప్రతి శీతాకాలం ఒక్కో ర్యాపిడ్‌ను పేరుపెట్టి గుర్తుపట్టే గైడ్లు, గట్టున చేపలు పట్టే ఆదీ కుర్రాళ్లు ఆ కాపు కాయగలరు. నిరుటి బండ ఈ ఏడు ఎక్కడికి జరిగిందో, ఇసుక ఎంత మేట వేసిందో ఏ ఉపగ్రహం కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. జీతమిచ్చి నేర్పితే వరద కబురు చేరవేసేదీ, మునిగినవాళ్లను తీసేదీ వాళ్లే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు ముందు చేరుకున్నది ఆ ఊరి జనమే కదా.

రాఫ్టింగ్‌కు వచ్చే విదేశీ బృందాల పర్మిట్ దరఖాస్తులపై సీజన్‌కు ముందే, అక్టోబరులోగా, ప్రభుత్వం అవునో కాదో చెప్పాలి. రోజుకు ఎన్ని పడవలు దిగాలి, ఎక్కడ క్యాంపు వేయాలి, ఎంత రుసుము కట్టాలి అన్నవి ఒడ్డున ఉన్న గ్రామసభలు నిర్ణయించి, ఆ డబ్బు వాళ్లే ఉంచుకోవాలి. డ్యామ్ సర్వే యంత్రాలు కూడా అదే గ్రామసభ ముందుకు వెళ్లి అడగాలి. వద్దంటే వెనక్కి రావాలి.