తప్పు మగాడిది కాదు, బ్యాక్టీరియాది!

నెల్లూరు మగాడికి ఇన్నాళ్లకు న్యాయం జరిగింది. పడకగదిలో తేడా వస్తే తప్పు అతనిది కాదట, పేగుల్లోని బ్యాక్టీరియాదట. పొద్దున్నే పేపరు మధ్యలోంచి జారిపడిన రంగుల కరపత్రం ఈ తీర్పు చెప్పింది. పాలల్లో రెండు చెంచాల పౌడరు కలుపుకుంటే చాలు, పేగులు శుభ్రం, మగతనం భద్రం.

పాపం, ఇంతకాలం ఈ నేరం ఎవరెవరి నెత్తిన రుద్దాం! ఒంట్లో వేడి, నరాల బలహీనత, చిన్నప్పటి అలవాట్లు, ఎదురింటివాళ్ల దిష్టి. ఊరి బయట గుడారమేసి వేళ్లూ సీసాలూ పరిచే వైద్యుడు వీటిమీదే బతికాడు. ఇప్పుడాయన ఏసీ గదిలోకి మారి మైక్రోబయోమ్, అంటే పేగుల్లోని సూక్ష్మజీవుల గుంపు, పేరు చెప్పి అమ్ముతున్నాడు.

ఈ సరుకు గొప్పతనం చూడాలంటే ట్రంక్ రోడ్డులో ఏదో ఒక మందుల షాపు ముందు నిలబడండి. పాత పద్ధతిలో మనవాడు ముందు జ్వరం బిళ్ల కొనేవాడు. తర్వాత దగ్గుమందు. పక్కనున్న ఆడమనిషి వెళ్లిపోయేదాకా టూత్‌పేస్టు అట్టపెట్టె మీది అక్షరాలన్నీ చదివేవాడు. ఆపైన గొంతు తగ్గించి, "అన్నా, అదుండాదా?" అనేవాడు. "ఏదబ్బా?" "అదేన్నా..." షాపాయన లోపలికి తిరిగి, "రేయ్, ఆ నీలం బిళ్లలు తేరా! ఎంత పవరుదన్నా, యాభయ్యా, వందా?" అని వీధంతా వినపడేట్టు అరిచేవాడు. ఇప్పుడా బాధ లేదు. "కడుపు సరిగా లేదన్నా, గట్ పౌడరియ్యి" అని అత్తగారి ఎదుటే అడగొచ్చు. అల్లుడికి ఒంటిమీద ఎంత శ్రద్ధో అని ఆవిడ మురిసిపోయి ఇంకో డబ్బా తనే కొనిపెడుతుంది.

సైన్సంతా బూటకమని నేననను. గుడ్డుసొన, ఎర్రమాంసం తిన్నప్పుడు కొన్ని పేగు బ్యాక్టీరియాలు వదిలే పదార్థం కాలేయంలో టీఎంఏవో అనే రసాయనంగా మారుతుంది. అది రక్తంలో ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బులూ ఎక్కువగా కనబడ్డాయి. అంగస్తంభన రక్తప్రసరణ వ్యవహారమే కనక శాస్త్రజ్ఞులు ఆ లింకు వెతుకుతున్నారు. కరపత్రానికి అంత ఓపిక లేదు, దాని సాక్షి ఎలుక. 2014లో అమెరికాలో ల్యాక్టోబాసిల్లస్ ర్యూటెరీ అనే బ్యాక్టీరియాను తాగించిన ముసలి ఎలుకల్లో వృషణాల సైజూ, టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనూ తగ్గలేదన్నది నిజమే. కానీ ఆ ఎలుక రోజుకో పెట్టె సిగరెట్లు ఊదలేదు, రాత్రి పదకొండింటికి బిర్యానీ మీద క్వార్టరు కొట్టలేదు. "షుగర్ చూపించుకున్నావా?" అంటే "నాకేం రోగమబ్బా?" అని కరవనూ లేదు.

షుగరూ బీపీయే అసలు దొంగలు. అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండెవాటికంటే సన్నవి కనక చాలామందికి గుండెజబ్బు హెచ్చరిక ముందు అక్కడే వస్తుంది. ఇలాంటి 'సహజ' పౌడర్లలో దొంగచాటుగా ఆ నీలం బిళ్లల్లోని మందు సిల్డెనాఫిల్‌ని కలుపుతుంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది. గుండెనొప్పికి నైట్రేట్ బిళ్లలు వాడేవాడు తెలియక దాన్ని మింగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. ఇలాంటి ప్రకటనల్ని నిషేధించిన చట్టం 1954 నుంచీ ఉంది, కరపత్రాల కింద హాయిగా నిద్రపోతోంది.

సరే, మగాడి పరువు నిలిచింది. మరి ఇంట్లో ఆమె? పిల్లలు లేరంటే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టేది ఆమె, స్కానింగులకు తిరిగేది ఆమె, పేరంటంలో గొడ్రాలనిపించుకునేది ఆమె. సంతానం కలగని జంటల్లో దాదాపు సగంమంది విషయంలో మగవాడి వైపూ కారణం ఉంటుంది. అయినా వీర్యపరీక్షకు ఒక్కపూట రావయ్యా అంటే దొరగారికి తలకొట్టేసినట్టుంటుంది! సిగ్గుండక్కర్లేదా? నువ్వు పాలల్లో పౌడరు కలుపుకుంటూ కూర్చో, అక్కడ ఆమె నీ పరీక్ష రిపోర్టు లేకుండానే ఈ నెల ఇంజెక్షన్లు కూడా పొడిపించుకుంటోంది.