పెళ్లిచూపుల్లో మనం అడగనివి ఆ ఫారం అడుగుతుంది

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఎక్కడ పెళ్లి సంబంధం కదిలినా ఇప్పుడు రెండో ప్రశ్న వీసా గురించే. "అబ్బాయి హెచ్‌వన్‌బీయా, గ్రీన్‌కార్డా, సిటిజనా అండీ?" పొలం కాలవ మొదట్లో ఉందా, శివారులో ఉందా అని ఒకప్పుడు అడిగేవారు. ఇదీ అలాంటి ప్రశ్నే. సిటిజన్ అన్న మాట వినపడగానే కట్నం లెక్క మారిపోతుంది. రొయ్యల చెరువు రాసిచ్చిన తండ్రులను చూశాను, కొబ్బరి తోట అమ్మేసిన వాళ్లనూ చూశాను. 1961లోనే వరకట్న నిషేధ చట్టం చేసుకున్న దేశంలో, ఇంకో దేశపు పాస్‌పోర్టుకు ధర కట్టి అమ్ముకుంటున్నాం.

సిటిజన్ సంబంధానికి ఆ గిరాకీ ఊరికే రాలేదు. అమెరికా చట్టం తన పౌరుడి భార్యనో భర్తనో అత్యంత దగ్గరి బంధువుగా చూస్తుంది. ఏడాదికి ఇంతమందికే ఇస్తాం అనే పరిమితి వాళ్లకు లేదు. అదే భర్త గ్రీన్‌కార్డుదారుడైతే కేసు ఎఫ్‌2ఏ అనే వరసలోకి వెళ్తుంది, అక్కడ ఏటా లెక్క ఉంటుంది. ఇక ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు అంటే ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మన పిల్లలు ఏళ్లకేళ్లు వరసలో నిలబడే ఉన్నారు. ఇవన్నీ చూసిన తండ్రి సిటిజన్ సంబంధమే నయం అనుకోవడంలో తప్పేం లేదు. నా అభ్యంతరం వేరే. ఈ దారిలో తాళం చెవి ఎవరి చేతిలో ఉంటుందో మనం అమ్మాయికి చెప్పడం లేదు.

దరఖాస్తు పెట్టాల్సింది పెళ్లికూతురు కాదు. ఐ-130 అనే పిటిషన్‌ను పౌరుడైన భర్తే వేయాలి. అతను వేస్తేనే కేసు పుడుతుంది, మధ్యలో వెనక్కి తీసుకుంటే అక్కడితో ఆగిపోతుంది. 2024 ఏప్రిల్‌లో పెంచిన రేటు ప్రకారం దాని ఫీజు కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625 డాలర్లు. మన డబ్బులో 60 వేల రూపాయలకు అటూ ఇటూ. ఎకరాలు రాసిచ్చిన పెళ్లిలో అమ్మాయి భవిష్యత్తు మొత్తం ఆధారపడేది ఈ 60 వేల రూపాయల పని మీద. దాన్ని ఎవరు, ఎప్పుడు చేస్తారో తాంబూలాల రోజున అడిగిన పెద్దమనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నేనూ అడగలేదు. మా మేనకోడలిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చిన మేనమామను నేనే. జాతకాలు చూశాం, అబ్బాయి తాతగారి ఊరు వెళ్లి వాకబు చేశాం, పొలాలు చూసొచ్చాం. మాఘమాసంలో పెళ్లయింది. అబ్బాయి మూడు వారాలుండి వెళ్లిపోయాడు. ఆషాఢానికి పిల్ల పుట్టింటికి వచ్చి మళ్లీ అత్తగారింటికి వెళ్లింది. గుడికి వెళ్తే, సంతకు వెళ్తే, ఎవరింటికి పేరంటానికి వెళ్తే అక్కడ "వీసా ఎప్పుడొస్తుందమ్మా?" అనే ప్రశ్నే. అత్తగారింట్లో అడిగితే "ఫైల్ చేసేశారు, ప్రాసెస్‌లో ఉంది" అనేవారు. కొత్త అల్లుడు లేకుండానే సంక్రాంతి గడిచిపోయింది. మా అక్క ఆ ఏడాది గారెలు కూడా వండలేదు.

అప్పుడు ఎవరో చెబితే తెలిసింది. పిటిషన్ అందగానే రసీదు నోటీసు వస్తుంది. దాని మీద మూడు ఇంగ్లిష్ అక్షరాలు, పది అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఎవరైనా ఆన్‌లైన్‌లో కేసు ఎక్కడుందో చూసుకోవచ్చు. మా పిల్ల భర్తను ఆ నంబరు అడిగింది. అతను వాళ్ల నాన్నగారిని అడగమన్నాడు. ఆయన అక్కడి ఏజెంటును అడగమన్నారు. ఏజెంటు పెళ్లి సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్నానన్నాడు. ఎవరూ మోసం చేయలేదు. ప్రతి ఒక్కరూ రెండోవాళ్లు చేసేశారనుకున్నారు, అంతే. పది నెలలు పోయాయి. ఆ పది నెలలూ ఆ పిల్ల పడ్డ టెన్షన్‌లో నా వాటా ఉంది.

పెళ్లి సర్టిఫికెట్ విషయంలో మన ప్రాంతానికి ఒక అలవాటుంది. వెయ్యి మంది భోంచేశారు, శుభలేఖ ఉంది, కరిష్మా ఆల్బమ్ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచే పెళ్లి నమోదు తప్పనిసరి అని చట్టం ఉంది. విదేశీ కేసుల్లో ఆ కాగితం లేనిదే పని జరగదు. ఆ తర్వాత పేర్ల గొడవ. మా పిల్లకు టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, పంచాయతీ జనన రికార్డులో 'ఆడశిశువు' అని తప్ప పేరే లేదు. ఇంటిపేరు ముందు రాసుకునే మన పద్ధతికీ, వెనక రాసే వాళ్ల పద్ధతికీ మధ్య ఒకే మనిషి ముగ్గురయిపోతుంది. జనన రికార్డులో పేరు చేర్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెళ్లికి ముందు నెలలో సులువుగా అయిపోయే ఈ పని, పెళ్లయ్యాక ఒక్కో రోజూ భారంగా మారుతుంది.

కాగితాలు సర్దుతుండగానే ఆ ఫారాన్ని నేను మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. ఆశ్చర్యపోయాను. మన పెద్దలు మొహమాటపడి అడగని ప్రతి ప్రశ్నా అందులో ఉంది. నీకు ఇంతకుముందు పెళ్లయిందా, ఎవరితో, ఎప్పుడు ముగిసింది? ఇదివరకు ఇంకెవరికోసమైనా ఇలాంటి పిటిషన్ వేశావా? పౌరసత్వం పుట్టుకతో వచ్చిందా, తర్వాత తీసుకున్నావా? గత ఐదేళ్లలో ఏ ఏ అడ్రసుల్లో ఉన్నావు, ఎక్కడెక్కడ పనిచేశావు? పాత పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ జతచేయాలి. తర్వాత మరో దశలో ఐ-864 అనే పూచీకత్తు పత్రం వస్తుంది. భర్త ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతానికి తగ్గకూడదు, దానికి పన్ను రిటర్ను చూపాలి. చాలకపోతే ఇంకొకరు ఉమ్మడిగా పూచీ పడాలి. అంటే అబ్బాయి నిజంగా ఏం సంపాదిస్తున్నాడో పెళ్లిళ్ల పేరయ్య చెప్పక్కర్లేదు, కాగితమే చెబుతుంది.

ఇవన్నీ ఎలాగూ ఒకరోజు ప్రభుత్వానికి రాసిచ్చేవే. అక్కడెవరో అధికారికి ప్రమాణం చేసి చెప్పేది, జీవితం పంచుకోబోయే అమ్మాయికి ముందు చెప్పడానికి ఎందుకు వెనకాడాలి? ఐ-130 ఫారం ఖాళీ కాపీ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పెళ్లిచూపులకు ముందే అమ్మాయి దాన్ని చదవాలంటాను. "అలా అడిగితే మగపెళ్లివారికి కోపం వస్తుందండీ" అంటారు. నిజాయతీగా ఉన్న కుటుంబానికి రాదు. అమెరికాలో పుట్టి పెరిగిన అబ్బాయిలకు అసలే రాదు, కాగితాలు అడగడం వాళ్లకు అలవాటే.

పిటిషన్ ఆమోదం అయ్యాక కేసు అమెరికాలో వీసా కాగితాలు సరిచూసే నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. డీఎస్‌-260 దరఖాస్తు, మరో విడత ఫీజులు, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్షలు. హైదరాబాద్ కాన్సులేట్ చదువు, ఉద్యోగం, విజిటర్ వీసాల వరకే చూస్తుంది. ఇది అక్కడ స్థిరపడటానికి ఇచ్చే ఇమిగ్రెంట్ వీసా కేసు కాబట్టి మా పిల్ల ఇంటర్వ్యూకు ముంబయి వెళ్లింది. ఈలోగా "విజిటర్ వీసా మీద పంపించేయండి, అక్కడే మార్చుకోవచ్చు" అని సలహా ఇచ్చే వాళ్లుంటారు. స్థిరపడే ఉద్దేశం దాచి టూరిస్టునని చెప్పి వెళ్లడం అబద్ధం కిందికి వస్తుంది. అది తర్వాత మొత్తం కేసుకే చేటు. ఆ సలహా ఇచ్చేవాడు మీతో పాటు ఆ కౌంటర్ ముందు నిలబడడు.

ఇంటర్వ్యూలో చూసేది ఒక్కటే, ఈ పెళ్లి నిజమా కాదా అని. మన పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు ఇక్కడే కాస్త ఇబ్బంది పడతాయి. పెళ్లికి ఎంతమంది వచ్చారన్నది వాళ్లకు పెద్దగా పనికిరాదు. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతున్నారో చూస్తారు. రోజూ మాట్లాడుకున్న కాల్స్, మెసేజ్‌లు, అతను మళ్లీ వచ్చివెళ్లిన టికెట్లు, పంపిన డబ్బు, బీమాలో నామినీ పేరు. మూడు వారాల కాపురం తర్వాత ఏడాది పాటు దూరంగా ఉన్న జంటకు ఇవే సాక్ష్యం. ఈ పరీక్ష నాకు తప్పనిపించదు. వీడియో కాల్‌లో కూడా అత్తమామలే మాట్లాడి ఫోన్ పెట్టేసే ఇళ్లకు, ఆ భార్యాభర్తలకు మాట్లాడుకునే వీలివ్వాలని ఈ నిబంధన అయినా గుర్తుచేస్తుంది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే వచ్చేది పదేళ్ల కార్డు కాదు, రెండేళ్ల షరతు కార్డు. దొంగ పెళ్లిళ్లను ఆపడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. ఆ రెండేళ్లు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, ఇద్దరూ కలిసి ఐ-751 వేసి షరతు తీసేయించుకోవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. కలిసి సంతకం పెట్టాలి అన్న ఆ ఒక్క మాటే మన ఆడపిల్లల మెడకు ఉచ్చయింది. భర్త సంతకం పెట్టకపోతే పంపించేస్తారనే భయంతో దెబ్బలు తింటూ, మాటలు పడుతూ ఇంటికి ఫోన్ కూడా చేయని పిల్లలున్నారు. ఇక్కడున్న తల్లిదండ్రులు కూడా "రెండేళ్లు ఓర్చుకో అమ్మా" అంటారు.

ఓర్చుకోమని ఆ చట్టం చెప్పలేదు. పెళ్లి నిజాయతీగా చేసుకుని తర్వాత విడాకులైతే, ఆమె ఒక్కతే ఐ-751 వేసుకోవచ్చు. భర్త హింసించాడని చూపగలిగితే విడాకులు కాకుండానే ఒంటరిగా వేసుకోవచ్చు. భర్త అసలు పిటిషన్ వేయకుండానో, వేసి వెనక్కి తీసుకుంటానని బెదిరిస్తూనో హింసించే సందర్భం ఉంటుంది. అలాంటప్పుడు అమెరికాలోని 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద ఆమె తన పిటిషన్ తానే పెట్టుకోవచ్చు, భర్తకు తెలియనివ్వరు. ఐ-864 మీద అతను పెట్టిన పూచీ సైతం విడాకులతో రద్దయిపోదు. ఈ నాలుగు వాక్యాలు తెలిసిన తల్లి మన ఊళ్లలో ఎంతమందిలో ఒకరు? సారెలో పట్టుచీరలతో పాటు ఇవి కాగితం మీద రాసి పెట్టాలని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చదువుకని వెళ్లి ఉద్యోగం రాక, స్టేటస్ పోయే స్థితిలో డబ్బిచ్చి కాగితం పెళ్లి చేసుకోవాలని చూసే కుర్రాళ్లకు ఒక మాట. దొరికితే ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. అంతకన్నా పెద్ద దెబ్బ, ఒకసారి దొంగ పెళ్లి అని తేలితే తర్వాత నిజంగా ఎవరిని పెళ్లి చేసుకున్నా పిటిషన్ ఆమోదించరు. అది జీవితాంతం వెంటాడుతుంది.

పాస్‌పోర్టు చూసి సంబంధం కలుపుకోవడం మన డెల్టాకు పూర్తిగా కొత్త కూడా కాదు. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి మన చేతికి వచ్చింది, 1962లో ఒప్పందం అధికారికంగా అమలైంది. కోరుకున్న వాళ్లు ఆరు నెలల్లో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు అందులో ఉంది. ఫ్రాన్సు కూడా భార్యాభర్తల బంధం చూసి పౌరసత్వం ఇస్తుంది. కానీ పెళ్లయిన నాలుగేళ్ల తర్వాత, కాపురం సాగుతుంటేనే. మన దేశమూ అంతే. భారత పౌరుడిని పెళ్లాడిన విదేశీయులకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు కావాలంటే నమోదైన పెళ్లి రెండేళ్లు సాగి ఉండాలి, పౌరసత్వానికైతే ఏడేళ్లు ఇక్కడ నివసించాలి. కాపురం సాగుతోందా అనే చూస్తారు అన్ని దేశాల్లోనూ.

ఇటువైపు రక్షణ ఏముంది అంటే, కొంత ఉంది. తిరుపతిలో జరిగిన ఒక తెలుగువారి పెళ్లికి అమెరికా కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. భార్య అక్కడికి వెళ్లి వాదించుకునే వీలులేకుండా తెచ్చుకున్న తీర్పులకు అది ఇప్పటికీ అడ్డుకట్ట. ఎన్నారై పెళ్లిళ్లన్నీ తప్పనిసరిగా నమోదు కావాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 287వ నివేదికలో చెప్పింది. కానీ చట్టాలు వచ్చేవరకు ఆగే పని కాదిది. వచ్చే మాఘమాసానికి ముహూర్తాలు ఇప్పటికే పెట్టేసుకున్న ఇళ్లున్నాయి.

మా మేనకోడలు రెండో పెళ్లిరోజుకు రెండు నెలల ముందు వెళ్లింది, కాబట్టి షరతు కార్డే వచ్చింది. మొన్న ఫోన్‌లో "మావయ్యా, అద్దె ఒప్పందంలో నా పేరు కూడా వేయించాను" అంది. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరనా ఉంది, పన్ను రిటర్ను ఇద్దరూ కలిసి వేశారు. ఐ-751 గడువులో 90 రోజులు ఏ తేదీన మొదలవుతాయో తనే లెక్కగట్టి గోడ క్యాలెండర్ మీద చుట్టి పెట్టుకుందట. కాగితాల ఫైలు ఈసారి తన బీరువాలోనే ఉంది.