నా నడుము నొప్పికి తీసివేత లెక్కలా?

నడుము నొప్పి పన్నెండు వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది మూడేళ్లు దాటింది. ఈ రంగంలో ఇంత సర్వీసు ఉన్నవాడిని కనుక, కొత్త చికిత్స దేన్నయినా ప్రవేశపెట్టే ముందు నన్ను ఒక మాట అడిగి ఉంటే మర్యాదగా ఉండేది. అడగలేదు సరికదా, వ్యాయామం చేస్తున్నంతసేపూ మనసుకు కూడా పని చెప్పాలని, కాలు గాలిలో ఉండగా నోటితో లెక్కలు కట్టాలని, ఒంటికాలి మీద నిలబడి పదాలు అప్పజెప్పాలని ఒక పద్ధతిని తెచ్చి నా మీదనే ప్రయోగించారు. ఫిజియోథెరపిస్టులు దీన్ని డ్యూయల్ టాస్క్ శిక్షణ అంటారు. ఒకే సమయంలో ఒంటికొక పని, బుర్రకొక పని అన్నమాట. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని చెప్పిన పెద్దలు ఈ మాట వినకుండానే వెళ్లిపోవడం వారి అదృష్టం.

నా మనసు ఖాళీగా ఉందని వీరు ఏకపక్షంగా తీర్మానించుకోవడం మీద నాకు మొదటి అభ్యంతరం ఉంది. అది ఖాళీగా లేదు. మూడేళ్లుగా నా నడుముకు రాత్రింబవళ్లు కాపలా కాస్తోంది. కుర్చీలోంచి లేవాలంటే ఎడమ చేయి ఎక్కడ ఆనించాలో, ఏ కాలు ముందుకు జరపాలో, ఊపిరి ఏ క్షణాన బిగబట్టాలో అదే నిర్ణయిస్తుంది. పెన్ను కిందపడితే నేను వెంటనే తీసే రకం కాదు. మొదట దాని వంక చూస్తాను. అది దొర్లుకుంటూ ఎంత దూరం పోయిందో, దగ్గర్లో పిల్లలెవరైనా తిరుగుతున్నారో లేదో, ఈ పూటకు వేరే పెన్నుతో సరిపెట్టుకోవచ్చో లేదో ఆలోచిస్తాను. ప్రస్తుతం నా బల్ల కింద మూడు పెన్నులూ ఒక కళ్లజోడు డబ్బా ఉన్నాయి. అవి అక్కడ క్షేమంగానే ఉన్నాయి.

ఈ కాపలా కూడా జబ్బులో భాగమేనని పరిశోధకుల అభిప్రాయం. నొప్పి వస్తుందన్న భయంతో మనిషి కదలడం మానేస్తాడట, కదలనందువల్ల కండరాలు బలం కోల్పోతాయట, బలం తగ్గినకొద్దీ నొప్పి పెరుగుతుందట, నొప్పి పెరిగినకొద్దీ భయం పెరుగుతుందట. వారు దీన్ని దుష్టచక్రం అంటారు, నేను దినచర్య అంటాను. కదలాలంటే ఉండే ఈ భయాన్ని కొలవడానికి 17 వాక్యాల పత్రం ఒకటి ఉంది. అది పూర్తిచేసి ఇచ్చినప్పుడు నాకు వచ్చినన్ని మార్కులు చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ రాలేదు. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. మొదటి వారం కొంచెం తేలిక వ్యాయామాలతో మొదలుపెడదామన్నారు.

నా దగ్గర ఆధారం లేక కాదు. ఎంఆర్‌ఐ ఫిల్ము ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఒకటి నల్లబడినచోటును వేలితో చూపించి, వచ్చినవారి ముఖంలో జాలి పుట్టేవరకు ఆ వేలిని అక్కడి నుంచి తీయకపోవడం నాకు అలవాటు. అటువంటి ఆస్తి మీద కూడా వీరి కన్ను పడింది. నడుము నొప్పి అంటే ఏమిటో ఎరగని మనుషుల స్కాన్లను పోగేసి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయట. అంటే నా డిస్కు వంటి డిస్కునే మోసుకుంటూ ఎందరో హాయిగా మెట్లెక్కుతున్నారన్నమాట. పైగా ఈ నొప్పిలో సుమారు 90 శాతం కేసులకు ఫలానా పూస, ఫలానా నరం అని వేలుపెట్టి చూపగల కారణం దొరకదని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటోంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందన్న లెక్క చూశాక, నాకున్న కొద్దిపాటి ప్రత్యేకత కూడా పోయింది. (విశ్రాంతి గురించి ఇక్కడ మాట్లాడను. రెండు రోజులు పడుకున్నవారు, ఏడు రోజులు పడుకున్నవారికంటే తొందరగా పనిలోకి వెళ్లారని 1986లోనే తేల్చేశారు. నడుము వాల్చడం అనే చక్కటి తెలుగు మాటకు అప్పటి నుంచి ఆదరణ లేదు.)

ఇక అసలు సంఘటనకు వస్తాను. చేతులూ మోకాళ్లూ చాపకు ఆనించి, కుడి చేతిని ముందుకూ ఎడమ కాలిని వెనక్కూ చాచి ఉంచమన్నారు. ఉంచాను. "ఇప్పుడు వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పైకి చెప్పండి సార్" అన్నది ఫిజియోథెరపిస్టు. ఆమె ముఖంలో వెటకారం ఏమాత్రం లేదు. 93, 86 వరకు నా పరువు నిలిచింది. 79 దగ్గర కాలు వణికింది. కాలిని సర్దుకుని 72 అన్నాను, ఆ తర్వాత 66 అన్నాను, అది 65 కావాలని గుర్తొచ్చి దిద్దుకునేలోగా చేయి తనంతట తాను కిందికి దిగింది. లెక్క కుదిరితే కాలు తప్పుతోంది, కాలు కుదిరితే లెక్క తప్పుతోంది. "ఊపిరి బిగబట్టకండి సార్, లెక్క ఆపకండి" అంటూ ఆమె నా మడమను అరంగుళం కిందికి సర్దింది. 58, 51 అంటూ నేను చాప అంచున ఊడిన దారం వంక చూస్తూ మిగిలిన అంకెల కోసం వెతుక్కున్నాను.

నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఈ గొడవలో దాదాపు నలభై సెకన్లపాటు నా నడుము గురించి నాకు ఎటువంటి సమాచారమూ అందలేదు. మూడేళ్లలో ఒక్క పూట కూడా సెలవు పెట్టని కాపలాదారుణ్ణి తీసివేత లెక్కతో పక్కకు పిలిచి, ఆ సందులో నా వెన్నెముకను నాకు తెలియకుండా కదిలించారు. దీన్ని చికిత్స అనాలో, దొంగతనం అనాలో పెద్దలే నిర్ణయించాలి.

ఎందుకిలా చేస్తున్నారని నిలదీస్తే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తబోయే ముందే పొట్ట లోపలి పొరలోని ఒక కండరం, యజమానితో చెప్పకుండానే బిగుసుకుని నడుముకు దన్నుగా నిలుస్తుందనీ, నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యంగా మేలుకుంటుందనీ 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. తనంతట తాను జరిగిపోవలసిన పనిని నావంటివాడు పక్కన నిలబడి ప్రతి అడుగునా అజమాయిషీ చేస్తూ ఉంటాడు. చాప మీద మనసంతా నడుము మీదే పెట్టి బ్రహ్మాండంగా చేసిన వ్యాయామం, బజారులో ఎవరో పలకరించగానే చెదిరిపోతే ప్రయోజనం లేదట, ఎందుకంటే బతుకులో ఎవరూ వెన్నుపూసల గురించి ఆలోచిస్తూ నడవరట. నేను నడుస్తాను. ఆ సంగతి చెప్పాను. ఆమె రాసుకుంది. నడుస్తుండగా మాట కలిపితే ఆగిపోయే వృద్ధులు ఆ తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారనీ, ఒంటికీ బుర్రకూ ఒకేసారి పని చెప్పే ఆలోచనకు అటువంటి గమనింపులే బలం ఇచ్చాయనీ కూడా చెప్పింది. ఆ మాట వింటున్నప్పుడు నేను నడవడం ఆపి నిలబడి ఉన్నాను, కాని అది మర్యాద కోసం.

రెండు పనులు ఒకేసారి చేస్తే నడుము బాగుపడేటట్టయితే, ఫోను చూస్తూ నడిచే లోకమంతా ఈపాటికి వెన్నెముకలు నిటారుగా పెట్టుకుని తిరగాలి కదా అని అడిగాను. ఫోను మనల్ని లాక్కుపోతుందనీ, ఇక్కడ లెక్కను మనం పట్టుకుని ఉండాలనీ, కదలిక చెడిపోతే లెక్కను తేలిక చేస్తారనీ, కుదురుకుంటే మళ్లీ కష్టం చేస్తారనీ చెప్పింది. అయితే సాక్ష్యం చూపించమన్నాను. వైద్య ప్రయోగాలను పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో 249 ప్రయోగాలను సమీక్షించి, వ్యాయామం చేసినవారి నొప్పి, చికిత్స లేనివారితో, మామూలు వైద్యమో ఉత్తుత్తి చికిత్సో అందినవారితో పోలిస్తే, వందకు సుమారు 15 పాయింట్లు తగ్గిందని తేల్చిందన్నది. మరి లెక్కలు కలిపితే అదనంగా ఎంత లాభం అన్నాను. దానికి ఇప్పటికి చిన్న చిన్న ప్రయోగాలే ఉన్నాయని నిజాయితీగా ఒప్పుకుంది. నెగ్గానన్న సంతోషంతో కాలు మీద కాలు వేసుకోబోయి, అటువంటి సాహసాలు నేను చేయనన్న సంగతి సగంలో గుర్తొచ్చి ఆగిపోయాను.

నాలుగో వారం లెక్కలు పోయి పదాలు వచ్చాయి. ఒంటికాలి మీద నిలబడి, న అక్షరంతో మొదలయ్యే మాటలు ఆగకుండా చెప్పాలి. నడుము, నొప్పి, నరం, నిట్టూర్పు, నిద్రలేమి, నాశనం అని గడగడా చెప్పేశాను. "ఇంకేమీ లేవా సార్?" అన్నదామె. కాలు మార్చుకుని చాలాసేపు వెతికాక "నెమలి" అన్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మూడేళ్లలో నా నడుముతో ఏ సంబంధమూ లేకుండా నా బుర్రలోకి వచ్చిన మొదటి ప్రాణి అదే.

కిందటి వారం జరిగినదాన్ని మాత్రం తీవ్రంగా ఖండిస్తున్నాను. మళ్లీ చాప, మళ్లీ వందలోంచి ఏడు. ఈసారి ఎక్కడా తప్పకుండా దిగుతున్నాను. సరిగ్గా ఆ సమయం చూసి "ఇప్పుడు నొప్పి పదికి ఎంత సార్?" అని ఆమె అడిగింది. నేను "44" అన్నాను. ఆమె అలాగే రాసి, నవ్వాపుకుని, తర్వాత కొట్టివేసి 4 వేయబోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత నా బాధకు దక్కిన న్యాయమైన అంకె అదేననీ, దాన్ని నా సంతకం లేకుండా దిద్దడానికి వీల్లేదనీ పట్టుబట్టాను. సరేనని ఫైలు ఇచ్చింది, పెన్ను అందివ్వబోతుంటే అది జారి చాప పక్కన పడింది. ఇంకా 37 తర్వాత ఎంతో ఆలోచిస్తూనే దాన్ని తీసి సంతకం చేసి ఇచ్చాను.

పెన్ను తీసింది నేనేనన్న విషయం ఇంటికి వెళ్లే దారిలో గుర్తొచ్చింది. ఆ సమయంలో ఆమె గడియారం వంక చూస్తోంది, గదిలో వేరే సాక్షులెవరూ లేరు. కనుక ఆ ఘటనను రికార్డుల్లోకి ఎక్కించవద్దని కోరుతున్నాను.