జబ్బు గుంటలో లేదు, ఉప్పుటేరులో ఉంది

1994లో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో దాని స్థానంలో వనామి రకం రొయ్య వచ్చింది, జబ్బు అలాగే ఉంది. మనమింకా సీడ్‌నూ (గుంటలో వదిలే రొయ్య పిల్లనూ) మేతనూ తిడుతూనే ఉన్నాం. గుంటలకు నీళ్లు వచ్చేదీ, తిరిగి పోయేదీ ఉప్పుటేరులోనే, అంటే పోటుకు సముద్రపు నీరు ఎక్కి, పాటుకు దిగే పాయలోనే.

సముద్రపు నీరు ఒక్క మిల్లీలీటరులో దాదాపు 10 లక్షల బ్యాక్టీరియా, దానికి పదింతల వైరస్‌లు ఉంటాయి. ఆ వైరస్‌లలో చాలాభాగం ఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియాను మాత్రమే పట్టేవి; అవి రొయ్య జోలికి రావు. ఫేజ్ తనకు సరిపడే విబ్రియోకు (ఉప్పునీటి బ్యాక్టీరియాకు) అతుక్కుంటుంది, లోపల వందల కొద్దీ పెరుగుతుంది, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. చెదిరిన నత్రజని, భాస్వరం మళ్లీ నాచుకు మేత. కండలేరు మడల బురదలో మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను విడగొట్టి నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. పైసా కూలి లేకుండా ఏరు తనను తాను కడుక్కునే తీరు ఇది.

ఆ శక్తికి మించిన రోగాన్ని అందులోకి వదులుతున్నాం. తెల్లమచ్చ పడగానే హడావుడిగా రొయ్యలు పట్టేసి, ఆ రాత్రే తూము ఎత్తడం. తెల్లారి పక్క రైతు అదే ఏట్లో మోటారు వేస్తాడు. తూము ఎత్తేముందే ఆ నీటిలోని వైరస్‌ను క్లోరిన్‌తో చంపాలి. ఎకరం గుంటలో మీటరు నీటికి 30 పీపీఎం (పది లక్షల పాళ్లకు 30 పాళ్లు) క్లోరిన్ పట్టాలంటే, 30 శాతం బ్లీచింగ్ సుమారు 400 కిలోలు కావాలి. ఎండకు క్లోరిన్ పోతుంది కాబట్టి పొద్దుగూకాక చల్లాలి. అడుగున నల్లబురద ఉంటే క్లోరిన్‌ను అదే తినేస్తుంది, వైరస్ బతికిపోతుంది. తూము మూసినా పీతలు గట్టు దాటి వైరస్‌ను మోస్తాయి, అందుకే చుట్టూ వల కట్టాలి.

సీడ్‌తో జబ్బు వస్తుందన్నది నిజమే. రొయ్య ఎదుగుదలను తగ్గించే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి చాలాసార్లు అలాగే దిగుతుంది, సీడ్‌కు పీసీఆర్ (రోగక్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేయించాల్సిందే. కానీ శుభ్రమైన పిల్లను రోగపు నీళ్లలో వదిలితే ఆ పరీక్ష ఎందుకు పనికొస్తుంది?

పెన్నా కాలువల కింద వరి రైతుకు 1997 చట్టంతో నీటి సంఘం వచ్చింది. వంతు తప్పితే నిలదీసేవారున్నారు. ఉప్పుటేరుకు అడిగే దిక్కు లేదు. వనామి గుంటలకు వ్యర్థజల శుద్ధి తప్పనిసరన్న నిబంధన ఉంది, కానీ ఒక్కో రైతు మెడకు కట్టిన నిబంధనతో ఏరు బాగుపడదు. ఏటికొక సంఘం కావాలి. పోటు ఎక్కేటప్పుడు తోడుకోవాలి, శుద్ధి చేసిన నీటిని పాటు తీసేటప్పుడే వదలాలి. వారానికోసారి ఏటి నీటిలోని బ్యాక్టీరియాను టీసీబీఎస్ ప్లేటుపై (విబ్రియోలను పెంచి చూసే ల్యాబ్ పళ్లెంపై) పెంచి చూడాలి. పారహీమోలిటికస్ లాంటి విబ్రియోలు ఆకుపచ్చ చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలు పెరిగిన వారం ఆ ఏటిమీది మోటార్లన్నీ ఆగాలి. జబ్బుపడ్డ గుంట బ్లీచింగ్ ఖర్చును ఎకరాల లెక్కన అందరూ పంచుకోవాలి. ఒక్కడి నెత్తిన 400 కిలోల భారం వేస్తే వాడు ఆ రాత్రే తూము ఎత్తుతాడు.